పమిన్ ఇంటి హతసాక్షి

తాయేసి పుట్టింటికి ఎందుకొచ్చిందో మరచిపోయినవాళ్ళకోసం రెండు మాటలు. కూతురు నోన్నాకి జ్వరం ఎంతకీ దిగకపోతే, మొగుడు వద్దంటున్నా వినకుండా పడవెక్కి షెమిన్ ఊళ్ళో ఉన్న అన్న పమిన్ ఇంటికి వచ్చింది. పమిన్ చర్చిలో పరిచారకుడు. విగ్రహాల ముందు ధూపం వెయ్యనన్నందుకు వెనకటి చక్రవర్తి మెడ కోయించిన నీలమ్మోను అనే సైనికుడు తన కలలోకి వచ్చి, ఇసకలోంచి తన దేహాన్ని బయటికి తియ్యమన్నాడని అతను ఊరందరికీ చెప్పాడు. ఆ హతసాక్షి ఇప్పుడు పమిన్ ఇంటి నడిమి గదిలో మంచమ్మీద ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర పడుకుంటే రోగాలు పోతాయని జనం నమ్మకం. నోన్నాని అక్కడే పడుకోబెట్టారు. దేహంమీంచి రాలిన పొడిని నీళ్ళలో కలిపి రోజూ పరగడుపున తాగించారు. జ్వరం దిగింది. మొక్కు చెల్లించడానికి తాయేసి, వదిన మగ్గం మీద కొత్త నారబట్ట నేసింది. పండగనాటి మధ్యాహ్నం, పాత గుడ్డ తీసి కొత్తది కప్పడానికి ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

గదిలో గాలి ఆడడం లేదు. ఆముదం దీపాల మసి పైకప్పుకి పట్టి, అక్కడక్కడా చుక్కలుగా కారి ఆరిపోయింది. మూల చాప మీద నోన్నా నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోతోంది. తాయేసి దాని నుదురు ముట్టుకుని చూసుకుని, మంచం దగ్గరికి వచ్చింది.

పైన కప్పిన గుడ్డ మీద వదిన ఎర్రదారంతో సిలువ కుట్టింది. షెమిన్‌లో అందరూ కుట్టే సిలువే, పైభాగం గుండ్రంగా కన్నులా ఉంటుంది. తాయేసి దణ్ణం పెట్టుకుని దాన్ని తీసేసింది. కింద దేహానికి చుట్టిన పాత పట్టీలు బయటపడ్డాయి. శవాలకు పూసే నల్లబంక వాటిలోకి ఇంకి, ఎండి, పెంకులా గట్టిపడింది. పాదాల దగ్గర మాత్రం ఆ నలుపు జిడ్డుగా మెరుస్తోంది. వచ్చినవాళ్ళంతా పెట్టిన ముద్దులకి, రాసిన నూనెకి, ఆనించిన నుదుళ్ళకి అక్కడ పట్టీలు నాని, వేళ్ళకి అంటుకుంటున్నాయి. ఒక ఈగ దాని మీద వాలి లేవలేక కొట్టుకుంటోంది.

తాయేసి ఈగని విదిలించింది. ఊడివచ్చిన పట్టీని లోపలికి దోపబోయింది. దోపబోతుంటే దాని కింద ఉన్న పొర కనిపించింది.

నీలి అంచు. ఆ అంచులో వరసగా నేసిన బాతులు. బంక అంటని చోట ఆ నీలం ఇంకా నిన్ననే రంగుతొట్టిలోంచి తీసినట్టుంది. వరసలో ఒక బాతుకి తల లేదు.

తల లేని ఆ బాతు మీద ఆమె వేలు పెట్టి చూసింది.

అది ఆమె గౌను. అమ్మ నేస్తుండగా నీలిదారం అయిపోయి ఆ ఒక్క బాతుకీ తల పెట్టలేదు. ఆ మొండిబాతంటేనే తాయేసికి ప్రాణం. తాతయ్య పోయిన నాడు శవానికి చుట్టడానికి గుడ్డలు చాలక, అమ్మ ఇంట్లో ఉన్న దుప్పట్లూ, కండువాలూ, చివరికి పెట్టె అడుగున ఉన్న ఈ గౌను కూడా తీసి పరపరా చింపింది. తాత పోయినందుకు ఏడవని పిల్ల, గౌను కోసం నేలమీద పడి దొర్లింది. శవాలు చుట్టేవాళ్ళు కూడా నవ్వారు.

తాతయ్య పేరు పెతేసి. గ్రీకుల నోట ఐసిస్ అయిన ఏసి తల్లికి గుళ్ళో వస్త్రాలు కట్టే పూజారి. మనవరాలికి ఆ తల్లి పేరే పెట్టుకున్నాడు. కొడుకు బాప్తిస్మం పుచ్చుకున్నాక ఆ ఇంట్లో మళ్ళీ మంచినీళ్ళు ముట్టలేదు. వీధిలో పాదిరి ఎదురైతే ఆయన చెప్పులముందు ఉమ్మేసేవాడు. "చచ్చి లేచినవాడట! ఒసిరిస్ దొర చచ్చి లేవలేదూ? మీ తాతముత్తాతలకి తెలిసిన కథనే కొత్తదని అమ్ముకుంటున్నారు కదరా!" అని అరిచేవాడు. సిలువగుర్తు వేసుకునేవాళ్ళ నీడ పడిన కూర కూడా కుక్కకి పెట్టేవాడు.

ఆ మనిషి కాళ్ళకా ఊరు ఊరంతా ముద్దులు పెడుతోంది!

తాయేసి పైకి చూసింది. మెడ దగ్గర, హతసాక్షికి కత్తి దిగిందని అందరికీ వేలుపెట్టి చూపించే చోట, పట్టీలు తెగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ భక్తితో అటు తేరిపార చూడలేదు. ఇప్పుడు చూసింది. బంక అంతా నల్లగా ఉంటే ఆ గాటు అంచులు మాత్రం తెల్లగా, కొత్తగా ఉన్నాయి. ఎండిన రొట్టెను విరిస్తే లోపల కనిపించే తెలుపు. చుట్టిన తరవాతెప్పుడో, ఈ మధ్యనే, ఎవరో కోశారు.

మంచం పక్కన మట్టిమూకుడులో గోధుమరంగు పొడి ఉంది. పక్కనే చెంచా. ఆ పొడి నీళ్ళలో వేస్తే పూర్తిగా కరిగేది కాదు. అడుగున మిగిలిన గసిని నోన్నా తాగనని మొండికేస్తే, "పుణ్యం తల్లీ, పారబొయ్యకూడదు" అని తాయేసే వేలితో తీసి నాకింది.

నాలుక మీద ఆ రుచి ఇప్పుడు తిరిగొచ్చింది. ఉప్పగా, చేదుగా, ఎక్కడో అడుగున తీపిగా. ఆమె గోడ పట్టుకుని అవతలి మూలకి పరుగెత్తి భళ్ళున కక్కుకుంది. పొద్దున తిన్న పప్పు, రొట్టె అన్నీ పోయినా డోకు ఆగలేదు. నోట్లోంచి పైత్యం తీగలా సాగింది.

తలుపు తోసుకుని పమిన్ వచ్చాడు. పండగ కదా, గడ్డం దువ్వుకుని, నూనె రాసుకుని మెరిసిపోతున్నాడు.

"ఏమైందే తాయీ? చెప్పానా, ఆ బంక వాసన నీకు పడదని! హెరాయిస్‌ని పిలవమంటావా? వదినైతే అలవాటు పడింది."

"తాతయ్య ఇక్కడేం చేస్తున్నాడు?"

పమిన్ అడుగు ఆగింది. ఊడిన పట్టీ వైపు, నీలి అంచు వైపు చూశాడు. వెనక్కి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చాడు. అతని ముఖంలో భయం కనిపిస్తే బాగుండునని తాయేసి అనుకుంది. విసుగు మాత్రమే కనిపించింది.

"మెల్లిగా మాట్లాడు. బయట జనం ఉన్నారు."

"కలొచ్చిందన్నావు."

"వచ్చింది. ఒట్టు. మూడు సార్లు వచ్చింది. ఇసకలో తవ్వమన్నాడు. ఎక్కడ తవ్వను? నాకు తెలిసిన గొయ్యి అదొక్కటే. తవ్వితే తాత వచ్చాడు. దేవుడు ఆ చోటికే పంపాడంటే ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది కదా?"

"మెడ కోయమని కూడా దేవుడే చెప్పాడా?"

పమిన్ ఊడిన పట్టీని లోపలికి దోపాడు.

"ఎలా కోశావు?"

"కొడవలితో," అన్నాడు. "ఒక్క వేటే. ఏం తెలుస్తుందే ఆయనకి? నేను ఏడ్చాను కూడా, తెలుసా? తరవాత ఉపవాసం ఉన్నాను."

ఉపవాసం మాట వినగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చెంగుతో నోరు అదిమిపట్టుకుంది. నూనె రాసిన ఆ గడ్డం, నున్నగా కడుక్కున్న ఆ చేతులు, అన్నీ జిడ్డు పాదాల్లాగే కనిపించాయి. చిన్నప్పుడు ఆ చేతుల్లోంచే ఖర్జూరాలు తింది.

"నా పిల్ల చేత తాగించావు. నాచేత తాగించావు. తాతని గీకి గీకి మాకు పోశావు. మనిషివేనా నువ్వు?"

"పిల్లకి తగ్గిందా లేదా?"

"ఛీ!"

"ఛీ కాదు, చెప్పు. తగ్గిందా లేదా? తగ్గింది. థెక్లా అవ్వకి కన్ను కనిపిస్తోంది. కుంటామె ఒకతె ఊళ్ళోకి నడిచి వెళ్ళింది. అబద్ధం అయితే ఇవన్నీ ఎలా జరుగుతాయి?" పమిన్ మంచం అంచున కూర్చున్నాడు, తాత మోకాలు పక్కన, అరుగు మీద కూర్చున్నంత సావకాశంగా. "అటు చూడు. గోడమీద."

మంచానికి ఎదురుగా గోడమీద మరియమ్మ బొమ్మ ఉంది. ఒళ్ళో బిడ్డని పెట్టుకుని, రొమ్ము పట్టుకుని అందిస్తోంది. పెద్దపెద్ద కళ్ళు.

"నానమ్మ పొయ్యి పక్కన మట్టిబొమ్మ ఉండేది, గుర్తుందా? ఏసి తల్లి ఒళ్ళో కొడుకుని పెట్టుకుని పాలిస్తున్నట్టు. బొమ్మలు వేసేవాడికి నేను చెప్పలేదు. వాడంతట వాడే అలా వేశాడు. వాడి అయ్య అలా వేశాడు, అయ్యకి అయ్య అలా వేశాడు. చెయ్యి మారలేదు, పేరు మారింది. గుడ్డ మీద మీ వదిన సిలువ కుట్టింది గదా? పైన ఆ గుండ్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? తాత వస్త్రాలు కట్టిన దేవుళ్ళందరి చేతుల్లో ఉండే ప్రాణం గుర్తే అది. ఆ రోజుల్లో గుళ్ళో పడుకుంటే రోగాలు పోయేవి, ఇవాళ నా గదిలో పడుకుంటే పోతున్నాయి. ఇవన్నీ ఎవరూ పిలవకుండానే చర్చిలోకి వచ్చి కూర్చున్నాయి. తాతొక్కడూ ఇసకలో ఎందుకుండాలి?" నవ్వాడు. "ఆయన దేవత ఏసి. మన దేవుడు యేసు. పలకడంలో పెద్ద తేడా ఏముందిలే!"

తాయేసి ఆ బొమ్మని చూసింది. అన్న చెప్పింది అబద్ధం కాదని చూడగానే తెలిసింది. అవే కళ్ళు, అదే ఒడి, తలకి అదే వంపు. అందుకు ఆమెకి రోత పుట్టలేదు. నానమ్మ ఆ మట్టిబొమ్మకి రోజూ ఒక ఖర్జూరం పెట్టి, పక్కిళ్ళ పురిటి గదుల్లోకి తీసుకెళ్ళేది. పాలిచ్చే తల్లి ఎక్కడైనా అలాగే కూర్చుంటుంది. ఆ ఒడి నానమ్మ ఇంట్లోంచి మరియమ్మ దగ్గరికి నడిచి వచ్చిందంటే రానీ. ఎవరూ దాని మెడ కొయ్యలేదు.

"నానమ్మ బొమ్మ తనంతట తను వచ్చింది," అంది. "తాతయ్య రానన్నాడు. బతికున్నంతకాలం రానన్నాడు. నువ్వు చచ్చినవాణ్ణి ఈడ్చుకొచ్చి, గొంతు కోసి, క్రైస్తవుణ్ణి చేశావు. ఆయనకి ఉమ్మెయ్యడానికి నోరు లేదని."

"సాయంత్రం దాకా ఊరుకో. పండగ కానీ. తరవాత మాట్లాడుకుందాం."

"ఇప్పుడే ఇసకలోకి తీసుకెళ్ళాలి."

"తాయీ..."

బయట కలకలం లేచింది. ఎవరో పమిన్‌ని పేరుపెట్టి, గౌరవం లేకుండా పిలిచారు. పమిన్ ముఖంలో ఇందాకటి విసుగు పోయింది. ఇప్పుడు నిజంగానే భయం వచ్చింది. "అప్పా తియోనా," అన్నాడు.

పమిన్ గడియ తీసి బయటికొచ్చాడు, వెనకే తాయేసి. వాకిట్లోకి నది అవతలి మఠంనుంచి సన్యాసులు వచ్చి ఉన్నారు. చేతుల్లో కర్రలు. వాళ్ళ పెద్ద, తండ్రీ అన్న అర్థంలో అందరూ అప్పా అని పిలిచే తియోనా, సన్నగా, శుభ్రంగా, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉన్నాడు. శవాలని ఇళ్ళలో మంచాలమీద పెట్టి పూజించడం అంటే ఆయనకి గిట్టదని ఊరందరికీ తెలుసు. రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, నీళ్ళకుండలు పట్టుకున్న ఆడవాళ్ళు గోడలవారగా సర్దుకున్నారు.

"పూడ్చిపెట్టమని మనిషిని పంపాను, పమిన్," అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "మోషేని దేవుడు ఎక్కడ పూడ్చాడో ఎవడికీ తెలీదు. నీ సైనికుడు అంతకంటే గొప్పవాడా? అసలు ఎవరతను? ఎవరు చూశారు?"

"అప్పా, సాక్ష్యాలున్నాయి. ఇదిగో నా చెల్లెలు. దీని కూతురే బాగుపడింది. చెప్పమ్మా తాయీ."

అన్ని ముఖాలూ ఆమె వైపు తిరిగాయి. థెక్లా అవ్వ ముందుకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. అవ్వ బొటనవేలికి గోధుమరంగు పొడి అంటి ఉంది. అది తాయేసి కంటపడింది. ఇంక ఆపుకోలేకపోయింది.

"ఆయన సైనికుడు కాదు. మా తాతయ్య పెతేసి. ఏసి తల్లి గుళ్ళో పూజారి. మీలో పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది, పాదిరిగారి చెప్పులమీద ఉమ్మేసేవాడు చూడండి, ఆయనే. ఆయనకి చుట్టిన గుడ్డలో నా గౌను ఉంది. మెడమీద గాటు కొత్తది. మీరు ముద్దులు పెడుతున్నది ఆయన కాళ్ళకి. మీరు తాగుతున్నది ఆయన్ని."

ఎవరైనా అరుస్తారని, కక్కుకుంటారని, తనమీద రాళ్ళు వేస్తారని తాయేసి ఎదురుచూసింది.

థెక్లా అవ్వ చెయ్యి వదల్లేదు. కళ్ళు చికిలించి, "పెతేసా?" అంది. "ఎరుగుదునమ్మా. బలే కోపిష్టి. మా పెళ్ళికి వచ్చి అన్నం తినకుండా పోయాడు." కాస్త ఆలోచించింది. "అయితే ఏమైంది లేవే! నాకు కన్ను కనిపిస్తోందిగా." అని బొటనవేలు నోట్లో పెట్టుకుని, అంటిన పొడిని పోనియ్యకుండా చీకేసింది.

వెనకనుంచి ఎవరో కుండ పట్టుకుని ముందుకు తోశారు. "పండగయ్యాక పొడినీళ్ళు దొరుకుతాయా అయ్యా? ఇప్పుడే పోస్తారా?" అని అడిగారు. ఆ వెనక ఇంకో కుండ. తరవాత అందరూ ఒక్కసారి తోసుకున్నారు, ఎక్కడ అయిపోతుందో అన్నట్టు.

తాయేసి అవ్వ పట్టులోంచి చెయ్యి లాక్కుంది. అన్న ఒక్కడే దొంగ అనుకుంది ఇంతసేపూ.

అప్పా తియోనా కర్ర నేలకేసి కొట్టాడు. కుండలు ఆగాయి. "పూజారా!" అన్నాడు. "అయితే పూడ్చనక్కర్లేదు. బయటికి లాగి కాల్చెయ్యండి."

షెమిన్‌లో ఆ మాట ఎవరూ నోట పలకరు. తాత మతంవాళ్ళూ పలకరు, తండ్రి మతంవాళ్ళూ పలకరు. ఒళ్ళు ఉంటేనే చచ్చాక లేవడం. అది ఇద్దరికీ ఒకటే. కుండలు పట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు.

"వద్దు అప్పా," తాయేసి గది గడపకి అడ్డంగా నిలబడింది. "నేను ఇసకలోకి తీసుకెళ్తాను. మళ్ళీ ఎవరికీ దొరక్కుండా పూడుస్తాను. మీరడిగింది అదేగా?"

"నేనడిగింది క్రైస్తవుడికి."

"కడపటి రోజున దేహాలు లేస్తాయని మీరే కదా చెప్పారు! కాలిస్తే ఆయన ఏ ఒళ్ళుతో లేస్తాడు?"

"అతను లేవకూడదు," అన్నాడు అప్పా తియోనా ప్రశాంతంగా, పళ్ళెంలోంచి చెడిన పండు తీసేస్తున్నంత సునాయాసంగా. ఆ చేతులకి ఏ జిడ్డూ లేదు. అయినా అవీ ఆమెకి అన్న చేతుల్లాగే కనిపించాయి.

అప్పుడు పమిన్ మోకాళ్ళమీద పడ్డాడు. "నన్ను మోసం చేశారు అప్పా! కల నిజం. గొయ్యి చూపించినవాడు దొంగ. నాకేం తెలుసు? పూజారని తెలిస్తే నా ఇంట్లో పెట్టుకుంటానా? నా చేతులతో నేనే కాలుస్తాను. ఆ పుణ్యం నాకియ్యండి." లేచి అరుగుమీద వెలుగుతున్న నూనెదీపం అందుకున్నాడు.

"తెలీదా?" అంది తాయేసి. "ఇందాక మంచమ్మీద కూర్చుని ఏమన్నావు? కొడవలితో ఒక్క వేటే అన్నావు! ఏడ్చానన్నావు!"

"పిల్ల జ్వరం దీనికి తగులుకుంది," అన్నాడు పమిన్ జనంతో, జాలిగా. "పొద్దుటినుంచి కక్కుతోంది. ఏం మాట్లాడుతోందో దానికే తెలీదు."

సన్యాసుల్లో ఇద్దరు గడపవైపు వచ్చారు. గదిలో నోన్నా ఇంకా నిద్రపోతోంది. తాయేసి చటుక్కున లోపలికి వెళ్ళి తలుపు మూసి గడియ వేసింది. మంచానికి వీపు ఆనించి నిలబడింది. తాత మోకాలు ఆమె నడుముకి గట్టిగా తగిలింది. ఇందాకటి అసహ్యం వెతికితే కనిపించలేదు.

తలుపు మీద కర్రలు పడ్డాయి. నోన్నా ఉలిక్కిపడి లేచి, "అమ్మా!" అంది. కర్రలు ఆగిపోయాయి. తలుపు సందుకి నోరు ఆనించి పమిన్ మాట్లాడాడు. చిన్నప్పుడు అలకతీర్చే గొంతే, చుట్టుపక్కల ఎవరికీ వినపడకుండా.

"కొడవలి మాట ఎందుకెత్తావే, తాయీ? ఎత్తకుండా ఉండాల్సింది."

"తలుపు తియ్యను. పిల్ల ఉంది లోపల. అప్పాతో చెప్పు, పిల్ల ఉందని."

రాత్రిళ్ళు హతసాక్షిని ఎవరూ ఎత్తుకుపోకుండా పమిన్ ఆ తలుపుకి బయటివైపు అడ్డదూలం చేయించాడు. ఆ దూలం కొక్కేల్లో పడిన చప్పుడు తాయేసి స్పష్టంగా విన్నది. తరవాత పైన, ఈతాకుల కప్పు మీద, ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు ఆకులు కరకరలాడాయి. వాటి సందుల్లోంచి ఒక ఆముదం చుక్క జారి నోన్నా చాపమీద పడింది.